పెద్దాయన చెప్పని మాట

ఊళ్ళో అతన్ని అందరూ టేపు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది వాళ్ళ అక్కకి తప్ప ఎవరికీ గుర్తు లేదు, అక్క కూడా ఒళ్ళు మండినప్పుడే దాన్ని బయటికి తీస్తుంది. మిల్లులో పనిచేసే రోజుల్లో తోటివాళ్ళు టేపురికార్డరు అని పిలిచేవాళ్ళు. అంత పొడుగు పేరు పిలిచే తీరిక లేక దాన్ని తెగ్గోసి టేపు చేశారు. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే చాలు, అచ్చుగుద్దినట్టు దింపేసేవాడు. మేనేజరు దగ్గు, గేటు కాపలావాడి ఆవలింత, డాక్టరు నాలుక చూడకుండానే "బాగానే ఉంది, వెళ్ళు" అనే విసుగు, ఏదైనా సరే. టీ విరామంలో నూలు బస్తాల మీద కూర్చుని అతను నోరు తెరిస్తే జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

దేవుడు కొందరికి బుర్ర ఇస్తాడు, కొందరికి చేతిపని ఇస్తాడు. ఇతనికి గొంతు ఇచ్చాడు, దాని కింద వెన్నెముక పెట్టడం మాత్రం మర్చిపోయాడు. ఇది తిట్టు కాదు, ఉన్నమాట. టేపు చెడ్డవాడు కాదు. ఎవరు గట్టిగా పిలిస్తే వాళ్ళ వైపు నడిచే రకం, అంతే. అలాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు, వాళ్ళు లేకపోతే పెద్దాయనలాంటి వాళ్ళకి రోజు గడవదు.

పెద్దాయన అంటే ఎవరో చెప్పాలి. చెప్పేముందు నోరు కడుక్కోవాలి, చెప్పాక ఇంకోసారి కడుక్కోవాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు కార్మికుల పక్షం, నడివయసులో యజమానుల పక్షం, ముసలితనంలో దేశం పక్షం. పక్షం ఏదైనా కింద కుర్చీ మాత్రం కదల్లేదు. పార్టీలు చొక్కా మార్చినంత తేలిగ్గా మార్చాడు అంటారు గానీ అది చొక్కాకి అవమానం. చొక్కా మార్చుకునేటప్పుడు మనిషన్నవాడు తలుపు వేసుకుంటాడు, ఈయన నడివీధిలో, మైకు ముందు, చప్పట్ల మధ్య మార్చాడు. నదిమీద వంతెన కట్టించాడు, నిజమే, కాదనలేం. పెద్దాసుపత్రి కట్టించాడు, అదీ నిజమే. ఏది కట్టించినా "నా వంతెన, నా ఆసుపత్రి, నా జనం" అనేవాడు. పుట్టినింటి నుంచి మోసుకొచ్చినట్టు! ఎన్నిసార్లు ఓడినా ఇంకో తలుపులోంచి లోపలికొచ్చేవాడు. చివరికి తినే ఓపిక పోయింది, తినిపించే ఓపికా పోయింది. అప్పుడు పత్రికలవాళ్ళు ఆయన్ని రాజనీతిజ్ఞుడు అనడం మొదలుపెట్టారు.

ఆయన కార్మికశాఖ మంత్రిగా ఉన్నప్పుడే మిల్లులో సమ్మె జరిగింది. టేపు వాళ్ళ బావ ఆ మిల్లులో ఫిట్టరు. టేపుకి చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అక్కే పెంచింది, పెళ్ళయి అత్తింటికి వెళుతూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. "ఇద్దర్ని కట్టుకున్నాను, ఒకతి వంట చేస్తుంది, ఇంకొకడు తింటాడు" అని బావ అందరికీ చెప్పి నవ్వేవాడు. నవ్వేవాడే తప్ప ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. మిల్లులో పని ఇప్పించింది కూడా ఆయనే.

సమ్మె సాగుతుంటే ఒక సాయంత్రం మంత్రిగారు మిల్లు మైదానంలో సభ పెట్టి మైకు పట్టుకున్నాడు. "నా అన్నదమ్ములారా, మీ ఒంటిమీద ఈగ వాలనివ్వను. పొద్దున అందరూ గేటు దగ్గరికి రండి. యజమానుల్ని నేను తీసుకొస్తాను, ముఖాముఖి తేల్చుకుందాం." జనం చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు. పొద్దున్నే అందరూ గేటు దగ్గరికి వెళ్ళారు. యజమానులు రాలేదు, మంత్రీ రాలేదు. పోలీసులు వచ్చారు. కాల్పుల్లో నలుగురు పోయారు. అందులో బావ ఒకడు.

మర్నాడు మంత్రిగారు రేడియోలో మాట్లాడాడు. కొందరు తాగుబోతులు గేటు మీద దాడికి దిగారట. తాను ఎవర్నీ ఎక్కడికీ రమ్మనలేదట. బావ జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు, జలుబు చేస్తే మందు తాగడానికే అక్క చేత బతిమాలించుకునేవాడు. రేడియో వింటూ అక్క ఏడవలేదు. "వీడేంట్రా, ఇలా అంటాడు?" అని మాత్రం తమ్ముణ్ణి అడిగింది. తమ్ముడు లేచి రేడియో కట్టేశాడు.

అప్పటినుంచి అక్క బతుకంతా ఒకే ప్రశ్న. ఆమె ఇల్లు అడగలేదు, పరిహారం అడగలేదు. ఇస్తామని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది. పెద్దాయన ఎక్కడ సభ పెడితే అక్కడికి వెళ్ళి ముందు వరసలో నిలబడేది. ఆయన మాట ముగించి కండువా సర్దుకునేటప్పుడు గట్టిగా అడిగేది. "ఆ పొద్దున గేటు దగ్గరికి రమ్మన్నది నువ్వే కదా? నా మనిషి తాగలేదని ఎప్పుడు చెప్తావు?" మొదట్లో పోలీసులు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆమె కూడా సభలో ఒక భాగమైపోయింది, "ముసలమ్మ వచ్చిందా?" అని కార్యకర్తలు ఒకళ్ళనొకళ్ళు అడిగి నవ్వుకునేవాళ్ళు. పెద్దాయన మాత్రం ఎప్పుడూ ఒకేలా చిరునవ్వు నవ్వి, "చరిత్రే తీర్పు చెప్తుందమ్మా" అని కారెక్కేవాడు. ఆ చరిత్ర ఏదో ఆయన ఇంట్లో పనిమనిషి అయినట్టు.

మిల్లు మూతపడింది. టేపు మైకు పనిలోకి దిగాడు. బండి మీద రెండు పెద్ద స్పీకర్లు కట్టుకుని వీధివీధీ తిరిగేవాడు, బట్టల కొట్టు తగ్గింపులు, తప్పిపోయిన పిల్లలు, నీళ్ళు రాని రోజులు, ఎవరెవరు పోయారు అన్నీ చదివేవాడు. బతుకు గడిచిపోతోంది. ఇంతలో ఎన్నికలొచ్చాయి. అరిచి అరిచి పెద్దాయన గొంతు పూడిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు పార్టీ ఆఫీసుకెళ్ళి, "మన ఊళ్ళో ఒకడున్నాడు, పెద్దాయన్ని పెద్దాయన కంటే బాగా చేస్తాడు" అని చెప్పాడు.

పిలిచారు. వెళ్ళాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, భుజం మీద చెయ్యి వేశారు. వెన్నెముక లేనివాడికి భుజం మీద చెయ్యి పడితే ఇంకేం కావాలి? పార్టీ ఆఫీసు వెనక గదిలో, బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత దుప్పట్లు కొట్టిన చోట, మైకు ముందు కూర్చుని టేపు పెద్దాయన అయిపోయాడు. ఆయన మాట ఎలా ఎత్తుకుంటాడో, మూడో మాట దగ్గర చప్పట్ల కోసం ఎలా ఆగుతాడో, ముక్కులోంచి ఊపిరి వదిలి "నా తల్లులారా" అని ఎలా కరిగిపోతాడో, అన్నీ దింపేశాడు. వినగానే అక్కడున్నవాళ్ళు లేచి నిలబడ్డారట, అలవాటు కొద్దీ.

ఆ బండి ఒకరోజు అక్క ఉండే వీధిలోకి కూడా వచ్చింది. అక్క గిన్నెలు తోముకుంటోంది. "మీ కన్నీళ్ళు నా కన్నీళ్ళు, నా తల్లులారా" అని స్పీకరు మోగింది. ఆ గొంతుని ఆమె తన వంటింట్లో వందసార్లు వింది, బావని నవ్వించడానికి తమ్ముడు చేసేవాడు. ఆ సాయంత్రం తమ్ముడు రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేనా?"

"పొట్టకూటి కోసం అక్కా. గొంతే కదా అమ్ముకుంటున్నది, మనిషిని కాదు కదా."

"మనిషి ఉంటే కదరా అమ్ముకోడానికి! పో. ఆ నోటితో నన్ను అక్కా అని పిలవకు."

అలా ఏళ్ళు గడిచాయి. పండ్లో కూరగాయలో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవాడు, ఆమె అవి పక్కింటివాళ్ళకి ఇచ్చేసేది. రోడ్డు మీద ఎదురుపడితే మొహం తిప్పుకునేది. టేపుకి పార్టీలో పలుకుబడి పెరిగింది, గుర్తింపు కార్డు వచ్చింది, ఇస్త్రీ చొక్కాలు వచ్చాయి. రాత్రిళ్ళు నిద్ర మాత్రం సరిగా పట్టేది కాదని అతని ఇంటి పక్కవాళ్ళు చెప్తారు. పట్టకపోతే మంచిదే.

పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దముద్దగా అయిపోయింది. మామూలు మనిషి అయితే ఇంట్లో కూర్చుని గంజి తాగుతూ పోయేవాడు. కానీ ఆయన పేరు మీద బతికేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరికంటే ముందు ఆయన అల్లుడుగారు. ఈ అల్లుడుగారు సొంతంగా ఒక వార్డు కూడా గెలవలేని మనిషి, మామగారి నీడలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతాడు. అందుకే పెద్దాయన మంచంలో ఉన్నా ఆయన గొంతు మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉంది. "పెద్దాయన విశ్రాంతిలో ఉన్నారు, అయినా మీకోసం మాట్లాడారు" అని చెప్పి టేపు గొంతుతో చేసిన రికార్డింగులు వేసేవాళ్ళు. జనం దండం పెట్టి వినేవాళ్ళు.

అక్క కూడా ముసలిదైంది. ఒకసారి పార్టీ సభ ఉందంటే ఎప్పటిలాగే వెళ్ళింది, వేదిక మీద పెద్దాయన లేడని, ఖాళీ కుర్చీలో ఆయన ఫొటో పెట్టారని అక్కడికి వెళ్ళాక తెలిసింది. అయినా అడిగింది. ఫొటోనే అడిగింది. తోపులాటలో కింద పడింది, తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో, పెద్దాయన కట్టించిన ఆసుపత్రిలోనే, ఒక మూల మంచం మీద పడుకోబెట్టారు. టేపు వెళ్ళాడు. ఆమెకి మొహం తిప్పుకునే ఓపిక కూడా లేదు.

"వాడు పోతాడట్రా?" అంది.

"డాక్టర్లు అలాగే అంటున్నారు."

"చెప్పకుండానే పోతాడా?"

ఇన్నేళ్ళలో తమ్ముడితో ఆమె మాట్లాడిన మొదటి మాటలు అవి. టేపు తల వంచుకుని బయటికి వచ్చాడు. వరండాలో నిలబడి ఏడ్చాడు, మనిషిలాగా ఏడ్చాడు, ఎవర్నీ అనుకరించకుండా.

ఆ వారమే మిల్లు వార్డుకి ఉపఎన్నిక ప్రకటించారు. అల్లుడుగారే అభ్యర్థి. పెద్దాయన చివరిసారిగా ప్రజలకి సందేశం ఇస్తున్నారని, తన మంచం మీద నుంచే స్వయంగా రికార్డు చేస్తున్నారని చాటింపు వేయించాడు. జనం నమ్మాలి కదా, అందుకని పెద్దాయన మైకు ముందు కూర్చున్నట్టు ఒక ఫొటో తీద్దామన్నారు. మైకు పట్టుకుని వెళ్ళడానికి టేపుని పిలిచారు.

మేడ మీది గదిలో మందుల వాసన. నర్సు ఆయనకి జావ తాగించి మూతి తుడిచింది, దిండ్లు వెనక పెట్టి కూర్చోబెట్టింది. ఊరిని గడగడలాడించిన మనిషి, మెడ నిలవక కోడిపిల్లలా తల వాల్చేస్తున్నాడు. ఫొటోగ్రాఫరు కిటికీ దగ్గర దీపం సర్దుకుంటున్నాడు. నర్సు గిన్నె కడగడానికి వెళ్ళింది. టేపు మైకు ఆయన నోటి ముందు పెట్టి, వంగి, చెవి దగ్గర అడిగాడు. ఇంతకాలం ఆయన గొంతుతో బతికినవాడు తన సొంత గొంతుతో ఆయన్ని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది.

"అయ్యా, మిల్లు గేటు దగ్గర పోయిన ఫిట్టరు మా బావ. ఆ పొద్దున మీరే రమ్మన్నారు. మా అక్కకి ఒక్క మాట చెప్పండయ్యా. తాగలేదని చెప్పండి. మైకు కూడా ఆన్ చెయ్యను, నాకు చెప్తే చాలు."

పెద్దాయన కళ్ళెత్తి చూశాడు. అర్థమైనట్టే ఉంది, కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. పక్కకి జారిన పెదాలు కూడదీసుకుని ఏదో అన్నాడు. రెండే మాటలు. ఫొటోగ్రాఫరుకి వినపడలేదు. టేపుకి వినపడింది. ఇంతలో ఫ్లాష్ వెలిగింది. మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వచ్చింది, "అలుపెరగని గళం" అని పేరు పెట్టారు.

ఫొటో తీసిన మధ్యాహ్నమే దుప్పట్ల గదిలో రికార్డింగు. ప్రసంగం రాసే రచయితగారు కాగితం ఇచ్చాడు, వంతెన గురించి, ఆసుపత్రి గురించి, అల్లుడుగారి గురించి. టేపు చదివాడు. కాగితం అయిపోయింది. మైకు ఇంకా నడుస్తోంది. అతను కళ్ళు మూసుకుని సొంతంగా మొదలుపెట్టాడు.

"నా తల్లులారా, ఆ రోజు మిల్లు గేటు దగ్గరికి మిమ్మల్ని రమ్మన్నది నేనే. పోయినవాళ్ళు తాగి లేరు. నేనే అబద్ధం ఆడాను."

అంతవరకు గొంతు పెద్దాయనదే, ఒక్క పొల్లు తేడా లేదు. తర్వాత చెప్పాల్సిన మాట దగ్గర టేపు ఆగిపోయాడు. తన బుర్రలో ఆ మనిషి జీవితకాలం మాటలున్నాయి. వాగ్దానాలున్నాయి, బెదిరింపులున్నాయి, వెక్కిరింపులున్నాయి, దొంగ ఏడుపులున్నాయి. అంతా వెతికాడు. తప్పయిపోయింది అన్నమాట ఎక్కడా లేదు. ఆయన ఎన్నడూ అనలేదు, భార్యతో అన్నాడో లేదో తెలియదు, జనంతో అయితే అనలేదు. వినని మాటని ఎలా దింపుతారు? ఆ మాట పెద్దాయన నోట్లో ఎలా పలుకుతుందో ఎవరికీ తెలియదు. టేపుకి తెలిసిన 'తప్పయిపోయింది' ఒక్కటే, చిన్నప్పుడు గిన్నె పగలగొట్టినప్పుడు, బడి ఎగ్గొట్టినప్పుడు, అక్క ముందు తల దించుకుని చెప్పినది.

"తప్పయిపోయింది. నన్ను క్షమించండి" అన్నాడు.

రచయితగారు కుర్చీలోంచి లేచాడు. పరుగెత్తుకెళ్ళి అల్లుడుగార్ని తీసుకొచ్చాడు. టేపు చొక్కా గుండీ నలుపుకుంటూ నిలబడ్డాడు, ఈరోజుతో ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు. అల్లుడుగారు రెండుసార్లు విన్నాడు. నల్లకళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడవడం లేదు, నవ్వుతున్నాడు.

"ఏమయ్యా, ఇంత బుర్ర ఇన్నాళ్ళు ఎక్కడ దాచావు? మిల్లు వార్డులో మనకి పడని ఓటు ఇదే."

"సార్, పెద్దాయన ఒప్పుకుంటారా?" అన్నాడు రచయితగారు.

"ఆయనకి చెప్పేదెవరు?"

"రమ్మన్నది నేనే అని ఉంది సార్, కోర్టులో..."

"అది తీసెయ్. అబద్ధం, తాగడం, అవన్నీ తీసెయ్. చివరి ముక్క ఉంచు, చాలు. జనానికి ఏడుపు కావాలి గానీ వివరాలెందుకు?"

తీసేశారు. "ఆ రోజు మిల్లు దగ్గర జరిగినదానికి నా గుండె మండుతోంది" అని టేపు చేతే ఇంకో ముక్క చెప్పించి, దానికి ఆ చివరి మాటలు అతికించారు. టేపు కాదనలేదు. అనగలిగిన మనిషయితే మొదటి రోజే అనేవాడు.

ఆ తర్వాత చూడాలి ఊరి వేషాలు! ప్రతి బండిలోనూ అదే. "తప్పయిపోయింది, నన్ను క్షమించండి." మిల్లు వీధుల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టీవీల్లో పెద్దమనుషులు కూర్చుని, ఇలాంటి నాయకుడు ఇక పుట్టడన్నారు. అంతకుముందు పెద్దాయన్ని చీల్చిచెండాడిన సంపాదకుడు ఒకాయన, "తప్పు ఒప్పుకునే ధైర్యమే మహానాయకుడి లక్షణం" అని మొదటి పేజీలో రాశాడు. అల్లుడుగారు గెలిచాడు. ఫలితాలు వచ్చిన మూడోనాడు పెద్దాయన పోయాడు. శవం వెంట నడిచిన జనాన్ని చూస్తే వంతెన కూలుతుందేమో అనిపించింది. ఊరేగింపు పొడుగునా స్పీకర్లలో ఆ మాటలే. బతికున్నంతకాలం ఆయనకి లేనిది ఒక్క మంచితనమే. చచ్చాక అది కూడా ఆయన ఖాతాలో వేశారు. వేసింది ఎవరు? మన టేపు!

అక్క అప్పటికి ఇంటికి వచ్చేసింది, చక్రాల కుర్చీలో. టేపు వెళ్ళాడు. లోపలికి రమ్మంటుందేమోనని ఆశ. పక్కింటివాళ్ళు ముందే వచ్చి, "చూశావా, చివరికి చెప్పాడు, నీ పట్టుదల గెలిచింది" అని ఆమె చేతులు పట్టుకుని పోయారు. టేపు గుమ్మంలో నిలబడ్డాడు.

"రా" అంది అక్క. "కూర్చో."

కూర్చున్నాడు.

"ఆ ఫొటో చూపించారు నాకు. వాడే మైకు ముందు ఉన్నాడు. నిజమే అనుకున్నాన్రా. ఆసుపత్రి కిటికీ కింద బండి వచ్చింది. గుండె మండుతోంది అన్నప్పుడు మంచం మీద లేచి కూర్చోబోయాను. హమ్మయ్య, చెప్పాడు అనుకున్నా. తర్వాత 'తప్పయిపోయింది' అన్నాడు." ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "ఆ మాట వాడిది కాదు. గిన్నె పగలగొట్టి నా ముందు నిలబడ్డ నీ మాట."

టేపు తల దించుకున్నాడు.

"నీకోసమే చేశానక్కా" అన్నాడు.

"నాకోసమా? నాకు మిగిలింది ఏంట్రా? మొగుడు పోయాడు, మిల్లు పోయింది, నడుము పోయింది. వాడు చెప్పలేదు అన్నదొక్కటే మిగిలింది నాకు. ఎక్కడికెళ్ళినా అదే పట్టుకుని నిలబడ్డాను. దాన్ని కూడా తీసుకెళ్ళి వాడికే ఇచ్చావు కదరా! ఇప్పుడు నేను నోరు తెరిస్తే, క్షమాపణ చెప్పాడు కదా ముసలమ్మా, ఇంకా ఎందుకు సాధిస్తావు అంటారు. వాడి చేత అబద్ధం ఆడించినవాళ్ళు లేరు, వాడే ఆడాడు. నువ్వు వాణ్ణి మంచివాణ్ణి చేశావు. పోలీసులు కూడా నన్ను ఇంత నోరు మూయించలేదు."

టేపు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క ఏడవనిచ్చింది. ఓదార్చలేదు. చాలాసేపయ్యాక అడిగింది.

"ఆ ఫొటో తీసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావట. వాణ్ణి అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

టేపు తల అడ్డంగా ఊపాడు. "వద్దక్కా. అది వినలేవు."

"వినలేనా! ఇన్నేళ్ళు నిలబడలేదా?" అంది. ఆమె కళ్ళు చూసి టేపు భయపడ్డాడు. "మిల్లు మైదానంలో సంతాపసభ పెడుతున్నారు. నన్ను వేదిక మీద కూర్చోబెడతారట, పెద్దాయన్ని క్షమించిన తల్లి అట నేను. వస్తానని చెప్పాను. మైకులో నువ్వే కదా మాట్లాడేది?"

"నేనే."

"నేను అడుగుతా. వాడేం చెప్పాడో నువ్వు చెప్పు. ఒక్క అక్షరం కలపకు, ఒక్క అక్షరం తియ్యకు. వాడి గొంతులోనే చెప్పు."

"అక్కా, నన్ను బతకనివ్వరు."

"ఇప్పుడు బతుకుతున్నావా?"

సంతాపసభకి జనం విరగబడి వచ్చారు. వేదిక మధ్యలో నిలువెత్తు ఫొటో, అటూ ఇటూ పూలు. అల్లుడుగారు తెల్లబట్టల్లో, అద్దాలు లేకుండా, బాధపడుతున్నట్టు కనపడే ఏర్పాట్లన్నీ చేసుకుని కూర్చున్నాడు. ముందు వరసలో మిల్లు పాత కార్మికులు, ముసలివాళ్ళయిపోయారు. వేదిక మీద ఒక చివర చక్రాల కుర్చీలో అక్క. ఒక్కొక్కరే లేచి పెద్దాయన గొప్పతనం చెప్పారు, వంతెన, ఆసుపత్రి, ఆ గొప్ప మనసు. ఒకాయన విగ్రహం పెడతామన్నాడు, మిల్లు గేటు దగ్గరే, కింద ఆ క్షమాపణ మాటలు చెక్కిస్తామన్నాడు. చప్పట్లు మోగాయి. టేపు ఒక్కొక్కరి పేరు పిలుస్తూ మైకు దగ్గర నిలబడ్డాడు.

"ఆ చారిత్రక సందేశాన్ని మరోసారి విందాం" అన్నాడు అల్లుడుగారు. "దానికి ముందు ఈ తల్లి రెండు మాటలు మాట్లాడతారు."

అక్క చేతికి ఇంకో మైకు ఇచ్చారు. ఆమె జనం వైపు చూడలేదు. ఫొటో వైపు తిరిగింది. ఎప్పుడూ అడిగేలాగే అడిగింది, గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు.

"ఆ పొద్దున మిల్లు గేటు దగ్గరికి రమ్మన్నది నువ్వే కదా? నా మనిషి తాగలేదని ఎప్పుడు చెప్తావు?"

జనంలో కొందరు ఇబ్బందిగా నవ్వారు. ముసలిది, మతిపోయింది పాపం అన్నారు. అల్లుడుగారి మొహంలో చిరునవ్వు అలాగే అతుక్కుని ఉంది. రికార్డింగు వేసేవాడు ఇక వెయ్యనా అన్నట్టు టేపు వైపు చూశాడు.

టేపు చెయ్యెత్తి ఆగమన్నాడు. తల కొంచెం వాల్చాడు. పెదాలు ఒక పక్కకి జారాయి, కుడి భుజం పడిపోయింది. ఇది అతను రికార్డింగుల్లో చేసే పెద్దాయన కాదు. ఎవరూ వినని పెద్దాయన, మంచం మీది పెద్దాయన. ముద్దముద్దగా, నెమ్మదిగా, ఏమాత్రం కంగారు లేకుండా, చురుకైన కళ్ళతో నిజంగానే తెలుసుకోగోరుతున్న మనిషిలా అడిగాడు.

"ఏ మిల్లు?"

స్పీకర్లన్నీ మోగాయి, మైదానం చివర టీ కొట్టు దాకా వినపడింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో పాత కార్మికుడు ఒకడు కుర్చీలోంచి లేచాడు, పక్కవాడు లేచాడు. "వైరు పీకండ్రా!" అని అల్లుడుగారు అరిచాడు, పీకేశారు. వేదిక మీద ఎవరో టేపు కాలరు పట్టుకున్నారు.

అక్క ఇంకా ఫొటో వైపే చూస్తోంది.

"అదిగో" అంది, మైకు లేకుండానే. "అదీ వాడి గొంతు."